షిట్జు కావాలా? ముందు దువ్వెన ఎవరు పడతారో తేల్చుకోండి

ఏటా వేసవి సెలవులు ఇచ్చేసరికి మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలున్న తల్లులు ఒక్కొక్కరే నన్ను ఆపి పలకరిస్తారు. "మీ గుండుగాడిలాంటి కుక్కపిల్ల మాకూ కావాలండీ, మావాడు ఒకటే గొడవ" అంటారు. నేను ముందు అడిగేది ఒకటే. "పగలు మీ ఇంట్లో ఎవరుంటారు?" కొంతమంది దీనికి నొచ్చుకుంటారు. కుక్కపిల్ల సంగతి అడిగితే ఇంటి గుట్టు అడుగుతుందేమిటీ అనుకుంటారు కాబోలు. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతానో లిఫ్టు దగ్గర నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. షిట్జు చాలా మంచి కుక్క. కానీ పిల్లవాడు అడిగాడనో, సెలవుల్లో కాలక్షేపం అవుతుందనో, పుట్టినరోజు కానుకగానో తేవలసిన కుక్క కాదు. ఇంట్లో కనీసం ఇద్దరు పెద్దవాళ్లు దాని పని పంచుకుంటామని నోటితో ఒప్పుకున్నాకే తేవాలి. లేకపోతే ఆ పనంతా ఎవరి నెత్తిన పడుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇది ఎలాంటి కుక్కో తెలియాలంటే ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి. చైనా భాషలో షిట్జు అంటే సింహం. నిజం సింహాలు చైనాలో లేవు. బౌద్ధంతోపాటు వెళ్లిన బొమ్మల్లో, కథల్లో చూసిందే వాళ్లకి సింహం. మంజుశ్రీ బోధిసత్వుడి వాహనం కూడా సింహమే. అందుకని జూలులాంటి బొచ్చుతో, గుండ్రటి మొహంతో ఉండే చిన్న కుక్కలంటే అక్కడివాళ్లకి ప్రత్యేకమైన మక్కువ. దీని పూర్వీకులు టిబెట్ మఠాల్లో పెరిగిన కుక్కలని, వాటిని చైనా చక్రవర్తులకు కానుకలుగా పంపేవారని చెప్తారు. పెకింగ్ రాజభవనంలో పెకింగీస్, పగ్ లాంటి పొట్టిముక్కు కుక్కల మధ్య పెరిగి ఇది ఇప్పటి రూపానికి వచ్చింది. దీనికి చామంతి మొహం కుక్క అని ఇంకో ముద్దుపేరు ఉంది. ముక్కు మీద బొచ్చు పైకి, పక్కలకి విచ్చుకుని పెరుగుతుంది కదా, అచ్చం చామంతి రేకుల్లాగే ఉంటుంది.

చైనాని చాలాకాలం తెరచాటునుంచి ఏలిన సిక్సీ మహారాణికి కుక్కలంటే ప్రాణం. ఆవిడ కుక్కల ఆలనాపాలనా చూడటానికి రాజభవనంలో సేవకులు వేరే ఉండేవారు. ఈ ఒక్క వాక్యం దగ్గర కాస్త ఆగండి. ఈ కుక్కని తయారుచేసినవాళ్లు దాన్ని దువ్వడానికి, కడగడానికి, ఎత్తుకుని తిప్పడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకున్నవాళ్లు. మనింట్లో ఆ సేవకులెవరు?

1908లో సిక్సీ చనిపోయాక రాజభవనంలో కుక్కల పెంపకం చెదిరిపోయింది. 1930లో చైనాలో పనిచేసిన డగ్లస్ బ్రౌన్‌రిగ్ అనే బ్రిటిష్ సైనికాధికారి, ఆయన భార్య ఒక జంటని ఇంగ్లండ్ తీసుకెళ్లారు. మొదట్లో అక్కడివాళ్లు వీటిని టిబెట్ లాసా ఆప్సోలతో కలిపి చూశారు. పక్కపక్కన నిలబెట్టాక తేడా తెలిసింది. 1934లో రెండూ వేరు అని ఇంగ్లండ్ కెన్నెల్ క్లబ్ తేల్చింది. 1932లో చైనాలో ఉన్న డెన్మార్క్ రాయబారి భార్య ఇంకో మూడింటిని నార్వేకి తీసుకెళ్లింది. 1949 తర్వాత చైనాలో ఈ జాతి దాదాపు కనుమరుగైపోయింది. ఇంగ్లండ్‌లో ఉన్న అమెరికా సైనికులు ఇళ్లకి వెళ్తూ వెంట తీసుకెళ్లగా అమెరికాలో పెరిగింది. అక్కడి కెన్నెల్ క్లబ్ 1969లో దీన్ని గుర్తించింది.

అంటే మన హైదరాబాద్, విజయవాడ ఫ్లాట్లలో తిరుగుతున్న షిట్జులన్నీ చైనా నుంచి బయటపడిన ఆ కొద్దిపాటి కుక్కల వారసులే. మొత్తం 14 కుక్కల నుంచి ఇప్పటి సంతతి అంతా వచ్చిందని ఈ జాతి చరిత్ర రాసినవాళ్లు లెక్క చెప్తారు. మేనరికాల గురించి మనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పునాది అంత ఇరుకైనప్పుడు పిల్లని ఎంచుకునేటప్పుడు తల్లిదండ్రుల ఆరోగ్యం అడిగి తెలుసుకోవాలి. ఈ జాతిలో పుట్టుకతోనే కిడ్నీలు సరిగ్గా ఎదగకపోవడం, మోకాలి చిప్ప పక్కకి జారడం లాంటివి కనిపిస్తుంటాయి.

ఇంకో సరదా సంగతి కూడా చెప్పాలి. 2004లో 85 జాతుల కుక్కల డీఎన్ఏని పోల్చి సైన్స్ అనే పత్రికలో ఒక పరిశోధన వేశారు. తోడేలుకి దగ్గరగా తేలిన పాత జాతుల గుంపులో మన షిట్జు కూడా ఉంది! సోఫా మీద వెల్లకిలా పడుకుని గురకపెట్టే మావాడిని చూసినప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఇక రూపం. భుజం దగ్గర కొలిస్తే ఇది 9 నుంచి పదిన్నర అంగుళాల ఎత్తు ఉండాలి. బరువు సుమారు 4 నుంచి 7 కిలోలు. తోక వీపు మీదకి చుట్టుకుని ఉంటుంది. రంగు ఏదైనా పర్వాలేదు. నుదుటి మీద తెల్ల చార, తోక చివర తెలుపు ఉంటే మురిసిపోతారు. "టీకప్ షిట్జు" అనీ, "ఇంపీరియల్" అనీ చెప్పి ఎక్కువ ధరకి అమ్మేవి వేరే జాతి కావు. కావాలని మరీ చిన్నగా పుట్టించినవి, లేదా నెలలు నిండకుండా తల్లినుంచి వేరుచేసినవి. చిన్నగా ఉందని ముచ్చటపడి రెట్టింపు డబ్బు ఇవ్వకండి.

దీని బొచ్చు రెండు పొరలు. పైది పొడుగ్గా పట్టులా ఉంటుంది, లోపలిది మెత్తటి ఉన్ని. మన జుట్టులాగే పెరుగుతూనే ఉంటుంది. ఇల్లంతా రాలదు, అది నిజమే. కానీ రాలిన వెంట్రుకలు కింద పడకుండా లోపలే చిక్కుకుంటాయి. రోజూ దువ్వకపోతే అట్టలు కడుతుంది. పిల్ల బొచ్చు పోయి పెద్ద బొచ్చు వచ్చే సమయంలో, అంటే ఏడాది వయసు దగ్గర, ఉదయం దువ్వితే సాయంత్రానికి మళ్లీ చిక్కు. అట్ట కట్టిన చోట గాలి ఆడక చర్మం పుండవుతుంది. కాబట్టి చిక్కు తీయడం సోకు పని కాదు, వైద్యం కిందే లెక్క. పొడుగు బొచ్చు ఫోటోలకి బాగుంటుంది కానీ మన ఎండలకి పొట్టిగా కత్తిరించడమే మేలు. మావాడికి పాత యజమానులు పెట్టిన ఇంగ్లీషు పేరు ఒకటుంది. మొదటిసారి బొచ్చు తీయించి తెచ్చినప్పుడు మా అత్తయ్యగారు "ఇదేమిటమ్మాయ్, తిరుపతి వెళ్లొచ్చిందా?" అన్నారు. అప్పటినుంచి వాడు గుండుగాడే.

జుట్టు రాలదు కాబట్టి ఉబ్బసం ఉన్న ఇంట్లోనూ పర్వాలేదని కొందరు అమ్మేవాళ్లు చెప్తారు. ఆ మాట నమ్మకండి. అలర్జీ తెప్పించేది ఎక్కువగా కుక్క ఉమ్మిలో, చర్మంనుంచి రాలే పొట్టులో ఉంటుంది. బొచ్చు రాలినా రాలకపోయినా అవి ఉంటాయి. ఇంట్లో ఆయాసం ఉన్న పిల్లలుంటే, ముందు ఆ కుక్క దగ్గర నాలుగైదుసార్లు గంటసేపు కూర్చోబెట్టి చూడండి. డాక్టరుగారిని అడగండి.

స్వభావం గురించి ఎంత చెప్పినా తక్కువే. లాబ్రడార్‌ని వేటకి పెంచారు, జర్మన్ షెపర్డ్‌ని గొర్రెల కాపలాకి. షిట్జుని ఏ పనికీ పెంచలేదు. మనిషి పక్కన ఉండటమే దాని పని. ఒళ్లో కూర్చోవడం, కాళ్లకి అడ్డంగా పడుకోవడం, వచ్చినవాళ్లందరినీ నవ్వుమొహంతో పలకరించడం, అంతే. దొంగ వస్తే వాడి చెప్పులు వాసన చూసి వెనకాలే తిరుగుతుంది. ముసలివాళ్లతో ఓపిగ్గా ఉంటుంది. "మడి, ఆచారం" అని మొదట్లో దూరం పెట్టిన మా అత్తయ్యగారే ఇప్పుడు మధ్యాహ్నం పడుకునేముందు "వాడేడీ?" అని వెతుకుతారు. వంటింట్లోకి, పూజ గదిలోకి రాకూడదన్న నియమం మాత్రం ఇప్పటికీ ఉంది. వాడికీ తెలుసు. గడప దగ్గర ఆగి మొహం మాత్రం లోపలికి పెడతాడు.

మొండితనం కూడా ఉంది. పిలిస్తే వినిపిస్తుంది, రావాలా వద్దా అని ఆలోచించుకుంటుంది. బాత్రూం అలవాటు చేయడానికి నెలలు పడుతుంది. కొడితే అసలు నేర్చుకోదు, భయపడి ఇంకా చాటుగా వెళ్తుంది. వేళకి తీసుకెళ్లి, చేసిన వెంటనే మెచ్చుకుంటే నేర్చుకుంటుంది. అంటే ఆ నెలల్లో ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా?

మనిషి పక్కన ఉండటానికే పుట్టిన ప్రాణిని ఉదయం ఎనిమిదినుంచి సాయంత్రం ఏడుదాకా తాళం వేసిన ఫ్లాట్‌లో ఉంచడం నాకు పెద్ద తప్పుగా కనిపిస్తుంది. చేపని తెచ్చి నీళ్లు లేని గిన్నెలో వేసినట్టే. "పగలు ఎవరుంటారు" అని నేను అడిగేది ఇందుకే.

ఇక మొహం సంగతి. మనకి ముద్దొచ్చే ఆ చదును మొహమే దానికి కష్టం. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకుంటుంది. ముక్కు పొట్టిదైతే ఆ దారి ఇరుకు. మన ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు ఉన్నప్పుడు, కరెంటు పోయినప్పుడు, ఇది పది నిమిషాల్లో అవస్థ పడుతుంది. నడకకి తీసుకెళ్లాలంటే ఉదయం ఏడు లోపు, లేదా పొద్దుగూకి రోడ్డు చల్లబడ్డాక. మీ అరచెయ్యి రోడ్డు మీద పెట్టి చూసుకోండి, మీకు కాలితే దానికీ కాలుతుంది. మెడకి పట్టీ కాకుండా ఛాతీకి వేసే పట్టీ వాడాలి, గొంతు మీద ఒత్తిడి పడదు.

కళ్లు ఇంకా సున్నితం. గుంట లోతు తక్కువ, కళ్లు పెద్దవి. వెంట్రుకలు గుచ్చుకుని పుండ్లు పడతాయి. కన్ను ఎర్రబడినా, సగం మూసి ఉంచినా, రేపు చూద్దాం అనుకోకూడదు. ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చిన్నపిల్లలు మెడ వెనక చర్మం పట్టి గట్టిగా లాగితే కనుగుడ్డు బయటికి వచ్చే ప్రమాదం కూడా ఉంది. ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి ఇది సరైన కుక్క కాదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. పిల్లల్ని కుక్క ఏమీ అనదు. కుక్కకే పిల్లలవల్ల భయం.

నెదర్లాండ్స్ ప్రభుత్వం 2019లో ఒక నిబంధన గట్టిగా అమలుకి తెచ్చింది. తల పొడవులో మూడోవంతు కూడా ముక్కు పొడవు లేని కుక్కలతో పిల్లల్ని పుట్టించకూడదని. ఆ జాబితాలో షిట్జు కూడా ఉంది. చదివినప్పుడు నాకు సబబే అనిపించింది. ఊపిరాడని అందం మనకెందుకు? కొనేవాళ్లు "మొహం ఇంకా చదునుగా ఉన్నది చూపించండి" అన్నంతకాలం అమ్మేవాళ్లు అవే పుట్టిస్తారు. ముక్కు కాస్త ముందుకున్న పిల్లని అడిగి తీసుకోండి. ఫోటోకి ఒక పిసరు తక్కువైనా రాత్రిళ్లు హాయిగా నిద్రపోతుంది.

మన దేశంలోనూ నియమాలున్నాయి. కుక్కల పెంపకం, అమ్మకం మీద కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం పిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. తల్లి కుక్కకి 18 నెలలు నిండాలి. దాని జీవితం మొత్తంలో ఐదు కాన్పులు మించకూడదు. ఇవి ఎంతమంది పాటిస్తున్నారో మీరే అడిగి చూడండి. "తల్లిని చూపించండి" అనండి చాలు. చూపించనివాళ్ల దగ్గర కొనకండి. బాల్కనీలో బోనులో పెట్టి ఈతలమీద ఈతలు కనిపించిన తల్లిని ఎవరు చూపిస్తారు? బాలింత కష్టం తెలిసిన మనమే ఆ ప్రశ్న అడగాలి.

తిండి విషయంలో మన ఇళ్లకి ఒక హెచ్చరిక. మిగిలిన కూరన్నం పెట్టే అలవాటు మనది. ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క రక్తకణాలని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలని పాడుచేస్తాయి. చాక్లెట్ విషం. ఐదు కిలోల కుక్కకి కొంచెమే చాలా ఎక్కువ. పండగనాడు పరమాన్నంలో కిస్‌మిస్ ఏరి దీనికి పెట్టే పిల్లలుంటారు, ముందే చెప్పి ఉంచండి. ఇక పిడుదులు. బొచ్చులో కనబడవు, వేళ్లతో తడిమి చూడాలి. వాటివల్ల వచ్చే జ్వరం మన వాతావరణంలో బాగా ఎక్కువ. రేబిస్ టీకా ఏటా తప్పనిసరి. "ఇంట్లో ఉండేదేగా" అని మానకండి. ఏ కుక్క కరిచినా, పన్ను గీరినా 15 నిమిషాలు సబ్బునీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇదంతా విన్నాక కూడా చాలామంది అనేమాట ఒకటుంది. "పిల్లలకి బాధ్యత తెలుస్తుందండీ." నేను కాదనను. కానీ ఒక చిన్న లెక్క వేద్దాం. మీవాడికి ఎనిమిదేళ్లప్పుడు కుక్క వచ్చింది. పదో తరగతి అయ్యేసరికి కుక్కకి ఏడేళ్లు. వాడు ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్తాడు. ఇంజనీరింగ్‌లో ఉండగా దానికి కంటిచూపు తగ్గుతుంది, పళ్లు ఊడతాయి. వాడు అమెరికా విమానం ఎక్కే ఏడాది అది మంచాన పడుతుంది. షిట్జు పదేళ్లనుంచి పద్దెనిమిదేళ్ల దాకా బతుకుతుంది మరి. ముచ్చట పిల్లవాడిది, ముసలితనం తల్లిది. బాధ్యత నేర్పాలంటే తన కంచం తాను కడుక్కోవడంతో మొదలుపెట్టవచ్చు. అందుకు ఒక ప్రాణిని పాఠ్యపుస్తకం చేయక్కర్లేదు.

ఇది ఊహించి రాయడం లేదు. మా గుండుగాడు మేం కొన్న కుక్క కాదు. మా బ్లాక్‌లోనే ఉన్న ఒక కుటుంబం విదేశాలకి వెళ్తూ తీసుకెళ్లలేక వదిలింది. అప్పటికి వాడికి నాలుగేళ్లు. తీసుకునేముందు మావారినీ, మా అమ్మాయినీ కూర్చోబెట్టి పని పంచాను. ఉదయం నడక మావారిది, దువ్వడం అమ్మాయిది, తిండి, మందులు నావి. ఫ్రిజ్ మీద కాగితం అంటించాం. ఆ కాగితం లేకపోతే వాడిని తెచ్చేదాన్ని కాదు. వచ్చిన కొత్తలో రెండు నెలలపాటు లిఫ్టు తలుపు చప్పుడైనప్పుడల్లా లేచి గుమ్మం దగ్గరికి పరిగెత్తేవాడు. తలుపు తెరుచుకునేది కాదు. కాసేపు నిలబడి, వచ్చి మళ్లీ పడుకునేవాడు. వాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. వీసాలు, ఉద్యోగాలు, అద్దె ఇళ్లు, ఎవరి ఇబ్బందులు వాళ్లవి. కానీ తెచ్చేరోజున ఎవరైనా వాళ్లని కూర్చోబెట్టి ఈ లెక్కలు అడిగి ఉంటే బాగుండేదనిపిస్తుంది.

అందుకని నా మాట ఇది. షిట్జు కావాలనుకుంటే ముందు ఇలా వదిలేసిన పెద్ద కుక్కలున్నాయేమో వాకబు చేయండి. మీ పశువైద్యుడిని అడిగితే తెలుస్తుంది. పిల్ల కుక్కలాగా కొరకవు, బాత్రూం అలవాటు అయి ఉంటుంది, స్వభావం ముందే తెలుస్తుంది. కొనాలనే ఉంటే తల్లిని చూసి, నమోదు కాగితం చూసి, ముక్కు చూసి కొనండి. పగలంతా తాళం పడే ఇల్లయితే ఇప్పటికి ఊరుకోండి. పిల్లవాడు రెండు రోజులు అలిగి మూడోరోజు క్రికెట్ బ్యాటు అడుగుతాడు.

ఇంట్లో అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, దువ్వెన బల్లమీద పెట్టి, "ఇది రోజూ ఎవరు పడతారు?" అని అడగండి. రెండు చేతులు లేస్తే తెచ్చుకోండి. అందరూ మీ మొహమే చూస్తే మాత్రం, మీ జవాబు ఏమిటో మీరే నిర్ణయించుకోండి. వద్దనే హక్కు మీకుంది.